ఒక ఒడ్డు పటంతో సికింద్రాబాద్‌కు

మా ఊళ్ళ నుంచి సికింద్రాబాద్ వెళ్ళేవాళ్ళు ఆసుపత్రికో, పెళ్ళికో, పిల్లల ఉద్యోగం పనిమీదో వెళతారు. నేనూ సూరయ్య గారూ వరదకు సలహా చెప్పే మనిషిని కుదుర్చుకు రావడానికి వెళ్ళాం. రైల్లో ఎదురు సీటాయన ఎక్కడికని అడిగితే ఇదే చెప్పాను. ఆయన సరిగా వినపడలేదనుకుని మళ్ళీ అడిగాడు.

మావి గోదావరి పాయ ఒడ్డున ఉన్న అయిదు ఊళ్ళు. వరదలకు విసిగి అన్నీ కలిసి ఒక కమిటీ పెట్టుకున్నాయి. ఒక పెద్ద కంపెనీ వరద ముప్పు తగ్గించే పనులకు గ్రాంటు ఇస్తామని ప్రకటించింది. ఒక్క ఊరికి ఇవ్వరు, ప్రాంతం మొత్తానికి ప్రణాళిక ఉండాలి, దాన్ని అనుభవం ఉన్న సలహాదారు తయారు చేయాలి. గడువు నెల రోజులు. మా అధ్యక్షుడు సుబ్బరాజు గారు కొబ్బరి వ్యాపారి. ఎవరినో పట్టుకుని సికింద్రాబాద్‌లో ఇద్దరి పేర్లు సంపాదించారు.

"మీరు చదువుకున్నోరు, సూరయ్యకి ఏరు తెలుసు. ఇద్దరూ ఎల్లి మాటాడి రండి" అన్నారు.

నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరును, కమిటీ కార్యదర్శిని. పేరు రత్నకుమారి. సూరయ్య గారు కాలవ లాకుల దగ్గర లస్కరుగా పనిచేశారు. తలుపులు ఎత్తి దించి నీళ్ళు వదలడం ఆయన పని. ఏటి మట్టం గట్టు మీద నుంచి చూసి చెప్పగలరు. సికింద్రాబాద్ రావడం ఆయనకు ఇదే మొదటిసారి.

నాలుగు చార్టు కాగితాలు అతికించి నేను గీసిన పటం నా చంకలో ఉంది. ఏటికి ఇటువైపు మా అయిదు ఊళ్ళు, బళ్ళు, చర్చీ, గుళ్ళు, తోటలు అన్నిటికీ రంగులు వేశాను. ఏటి అంచున మాకు కావలసిన గోడను ఎర్ర గీతగా పెట్టాను. అవతలి ఒడ్డును తెల్లగా వదిలేశాను. కాగితం చాలలేదని అప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను.

చిలకలగూడ

స్టేషన్ కొత్తగా కడుతున్నారు. రేకుల వెంట తిరిగి తిరిగి ఎలాగో బయటపడ్డాం. ఆటో అబ్బాయి మా సంచులూ పటం చుట్టా చూసి అన్నాడు, "చిలకలగూడనా అక్కా? నడుస్తే పదినిమిషాలు. ఎక్కుతే నూరు రూపాయలు. మీ ఇష్టం."

అంత నిజాయితీగా చెప్పాక ఎక్కడం బాగుండదని నడిచాం. అతను చెప్పిన పదినిమిషాలు మాకు ముప్పావు గంటయింది.

మేం దిగింది సరోజ ఇంట్లో. మా చర్చి సంఘంలో నా స్నేహితురాలికి చెల్లెలు, నర్సుగా చేసి రిటైరయింది. వాళ్ళమ్మ నర్సు ట్రైనింగుకని గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిందట. సరోజ మాటలో గుంటూరు ఎక్కడా లేదు.

"కాళ్ళు కడుక్కోండి, చాయ్ పెడత. అన్నా, మీరు గీ కుర్చీల కూసోండి" అంది సూరయ్య గారితో.

చాయ్‌లో పాలు ఎర్రబడేదాకా మరిగి ఉన్నాయి. బిస్కెట్ తీపీ ఉప్పూ కలిసి ఉంది. సూరయ్య గారు రెండు గుక్కలు తాగి, మర్యాద కోసం మూడోది కూడా తాగారు. ఆయన చూపు మాత్రం గుమ్మం దగ్గర దించిన నీళ్ళ డబ్బా మీద ఉంది.

"నీళ్ళు కొంటారేంటండి?"

"కొనకుంటే ఎట్లన్నా? నల్లా రోజు విడిచి రోజు వస్తది. డబ్బా ముప్పై రూపాయలు."

ఆయన చిన్నప్పటి నుంచీ నీళ్ళను ఆపడమూ వదలడమూ తప్ప కొనడం చూడని మనిషి.

కప్పు కింద పెట్టకముందే సుబ్బరాజు గారి ఫోను. "మాటాడేరా?" ఇప్పుడే దిగామన్నాను. టిఫిను తింటుంటే మళ్ళీ చేశారు. నాకూ కూర్చోబుద్ధి కాలేదు. రాత్రంతా రైల్లో ఒరిగానే గానీ పడుకోలేదు. పటం విప్పి చూశాను, చుట్టేశాను. తల దువ్వుకున్నదాన్నే మళ్ళీ దువ్వుకున్నాను. సూరయ్య గారు చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు.

సైనిక్‌పురి

ఇక్కడ గేట్ల మీద యజమాని పేరుతో పాటు ఆయన సైన్యంలో చేసిన హోదా కూడా ఉంటుంది. మా వైపు ఇంటిపేరు చెబితే చాలు, మనిషి తెలిసిపోతాడు. ఇక్కడ హోదా చెప్పాలి కాబోలు. వీధులు నీడగా, శుభ్రంగా ఉన్నాయి. రోడ్డు మీదికి వచ్చేసరికి మాత్రం వరసగా కాఫీ దుకాణాలు. మేం వెతికిన ఆఫీసు వాటిలో ఒకదాని పైన ఉంది. వేళకన్నా ముందే వచ్చాం కదా అని కింద కూర్చోబోయాం. కాఫీ రెండు వందల ఇరవై అని చూసి సూరయ్య గారు కార్డును మెల్లిగా మూసి బల్ల మీద పెట్టారు. బయట మెట్ల మీద కూర్చున్నాం.

సలహాదారు పేరు నిఖిల్, ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. అద్దాల గది, గోడకు పెద్ద తెర. స్వయంగా మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నేను పటం విప్పబోతే, "ఉండనీండి మేడం, మా దగ్గర రెడీగా ఉంది" అని తెర మీద ఒక ప్రణాళిక చూపించాడు. రంగురంగుల బొమ్మలు, పట్టికలు, నూట ఎనభై పేజీలు. ఊళ్ళ పేర్లు ఉండవలసిన చోట ఖాళీలు.

"మీ ఊళ్ళ పేర్లు, జనాభా పంపిస్తే వారంల ఇచ్చేస్తా. ఏం కావాలె మీకు మెయిన్‌గా?"

"గోడ" అన్నాను.

"గోడ పెడదాం."

అంత తేలిగ్గా అనేసరికి నాకు ఎందుకో గాభరా పుట్టింది. మేం ఆ గోడ కోసం ఎన్ని మీటింగులు పెట్టుకున్నాం, ఎంతమందితో తగాదా పడ్డాం. ఇతను కూరలో ఉప్పు వేసినట్టు వేసేశాడు.

"మీరొకసారి వచ్చి చూస్తారా, బాబూ?"

"అవసరం పడదు మేడం. ఉపగ్రహం ఫొటోలు ఉంటయి."

ఫీజు గ్రాంటు వస్తేనే, అందులో ఒక వాటా. రాకపోతే ఒక్క రూపాయి వద్దన్నాడు. చెడ్డవాడేం కాదు, మెట్ల దాకా వచ్చి సాగనంపాడు. సుబ్బరాజు గారికి ఫోనులో అన్నీ చెప్పాను.

"ఇంకేం కావాలండి? ఖాయం చేసేయండి."

"ఇంకొకరు ఉన్నారు కదండీ, రేపు చూసి చెబుతాను."

"ఎందుకండి మళ్ళీ?"

ఎందుకో నాకూ తెలియలేదు. మెట్లు దిగుతూ సూరయ్య గారు అన్నారు, "ఆ అబ్బాయి ఒక్క మాట అడగలేదండి, టీచరు గారూ."

"ఏం మాట?"

"ఏరు ఎటు పారుద్దని."

మల్కాజ్‌గిరి, గంట వాన

తిరిగి వస్తుంటే మల్కాజ్‌గిరిలో వాన పట్టుకుంది. పావుగంటలో రోడ్డు కాలవయింది. ఆటోలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చి ఇంజను ఆగిపోయింది. దిగడంలో చంకలోని పటం చుట్ట జారి నీళ్ళలో పడింది. నేను వంగి తీసేలోపు అది ఒక స్కూటరు కింద నుంచి పోయి కాలిబాట దగ్గర తేలింది. సూరయ్య గారు లుంగీ ఎగ్గట్టి వెళ్ళి పట్టుకున్నారు.

"గంట వాన పడితే గిట్లనే అక్కా" అన్నాడు డ్రైవరు, బండి నెడుతూ. "నాలా మీద ఇండ్లు కట్టిన్రు. నీళ్ళకు తొవ్వ లేదు."

ఒక కిరాణా కొట్టు మెట్టెక్కాం. కొట్టామె గుమ్మానికి రెండు వైపులా గాడి కొట్టించి, అందులోకి చెక్క ఒకటి దించి కూర్చుంది. నీళ్ళు లోపలికి రావడం లేదు. సూరయ్య గారు ఆ చెక్కను వేలితో తడిమి చూసి, చాలాకాలానికి నవ్వారు.

"మా లాకు తలుపేనండి ఇది."

"నాలుగేండ్లాయె పెట్టిచ్చి" అంది ఆమె. "నన్ను చూసి పక్క మొబైల్ షాపోడు సుత పెట్టిచ్చిండు. ఇప్పుడు నీళ్ళన్నీ గా పూలామె కాడికి పోతున్నయి."

రెండు గుమ్మాల అవతల, మెట్టు లేని చిన్న కొట్టులో ఒకామె పూలబుట్టలు ఎత్తి తలమీద పెట్టుకుని నిలబడింది. కిరాణా ఆమె ఒక కేక వేసి, చెక్క మీదుగా ఆ బుట్టలు అందుకుని తన బియ్యం బస్తాల మీద సర్దింది. ఇద్దరూ ఏదో తిట్టుకున్నారు, నవ్వుకున్నారు. కిరాణా ఆమె మాకు చెరో పల్లీపట్టీ ఇచ్చి పది రూపాయలు తీసుకుంది.

సరోజ ఇంట్లో పటం విప్పితే, ఎర్ర రంగు మా ఊళ్ళన్నిటి మీదా పాకి ఉంది. ఫ్యాను కింద ఆరబెడితే చిరిగింది. మర్నాడు ఉత్త చేతులతో బయల్దేరాం.

నేరేడ్‌మెట్

రెండో సలహాదారు పద్మజ. యాభై దాటిన మనిషి. వాళ్ళ నాన్న సైన్యంలో పనిచేసి కట్టుకున్న ఇల్లు, కింద ఒక ట్యూషన్ సెంటరుకు అద్దెకిచ్చి పైన ఉంటుంది. తుపాను, వరద వచ్చిన చోట్ల పునరావాస పనులు చేసి, తరువాత ఇలా ప్రణాళికలు రాయడం మొదలుపెట్టిందట. మేం వెళ్ళేసరికి జొన్నరొట్టె కాలుస్తోంది.

"జెర కూసోండి మేడం. తిన్నంక మాట్లాడుదాం."

నేను తినేసి వచ్చామన్నాను. అబద్ధం. సూరయ్య గారు మాత్రం పీట మీద కూర్చుని పచ్చిపులుసుతో రెండు రొట్టెలు తిన్నారు. మాకు ముద్దపప్పు లేకుండా పచ్చిపులుసు లేదు. ఇక్కడ రొట్టె నంజుకు తినడానికి కూడా పనికొస్తుందని చూశాను.

పటం పాడైపోయిన సంగతి చెప్పాను. ఆమె కింద ట్యూషన్ సెంటరు నుంచి సుద్దముక్కలు తెచ్చి సూరయ్య గారికి ఇచ్చింది.

"అన్నా, నేల మీద గీయండి. గచ్చు కడుక్కుంటే పోతది."

ఆయన గొంతుక్కూర్చుని గీయడం మొదలుపెట్టారు. నేను పటంలో ముందు ఊళ్ళు గీశాను. ఆయన ముందు ఏరు గీశారు. రెండు ఒడ్లూ ఒకేసారి, చెరో చేత్తో గీసినట్టు. వంపు, ఇసుక తిన్నె, ఒరిగిన గట్టు, లాకులు, మురుగు కాలవ కలిసే చోటు, అన్నీ వచ్చాయి. మా అయిదు ఊళ్ళకూ అయిదు చుక్కలు పెట్టారు. అవతలి ఒడ్డున, వంపు ఎదురుగా, ఆరో చుక్క పెట్టారు.

"ఇదేం ఊరన్నా?"

"తిప్పపాలెం అండి."

పద్మజ నా వైపు తిరిగింది. "మీరు పంపిన లిస్టుల ఈ ఊరు లేదు కదా మేడం."

"అది వేరే పంచాయతీ. మా కమిటీలో లేదు" అన్నాను. ఆ మాట ముందే తయారు చేసి పెట్టుకున్నట్టు వచ్చింది.

"గోడ ఎక్కడ అనుకున్నరు?" నేను వేలు పెట్టి చూపించాను. ఆమె కాసేపు ఆ వంపునే చూసింది. "పోయిన వరదల గిక్కడ ఏమైంది?"

సూరయ్య గారు సుద్ద పట్టుకుని చెప్పారు.

"గట్టు తెగుద్దని మేం ఇక్కడ ఇసక బస్తాలు వేశామండి. మూడు వరసలు."

"వేస్తే?"

"మా ఊళ్ళు నిలబడ్డాయండి." ఆయన కొంచెం ముందుకు జరిగి, ఆరో చుక్క పక్కన ఒక చిన్న గీత గీసి, అరచేత్తో తుడిపేశారు. "ఇక్కడ ఒక వీధి పోయిందండి."

ఆ పగలంతా నేను గట్టు మీదే ఉన్నాను. బస్తాలు లెక్కపెట్టింది నేను. నా దగ్గర అయిదో తరగతి చదివిన దేవకుమారి ఇల్లు ఆ వీధిలోనే ఉండేది. మనుషులు బతికారు, ఇళ్ళు పోయాయి. ఆ తరువాత సంతలో దేవకుమారి ఎదురుపడితే నమస్కారం పెడుతుంది, పెట్టి పక్కకు తప్పుకుంటుంది. ఆ అమ్మాయికి పని తొందరేమో అనుకుంటూ వచ్చాను.

పద్మజ సుద్ద తీసుకోలేదు, ఏమీ రాసుకోలేదు.

"గోడ కడితే నీళ్ళు యాడికి పోతయో మీకు ఎరుకే" అంది. "ఎరుక ఉండి కూడా నేను రాసిస్తే అది ప్లాన్ కాదు మేడం."

నాకు కోపం వచ్చింది. "అయితే మా ఊళ్ళు మునగాలా? మా పిల్లలు బడి పైకప్పు మీద కూర్చున్నది మీరు చూశారా?"

"చూడలే. మునగొద్దనే అడుగుతున్న. ఏటికి రెండు దిక్కులు కూసోబెట్టి మాట్లాడితే తొవ్వ దొరుకుతది. తిప్పపాలెం పేరు, వాళ్ళ సంతకం తెండి. నేను వచ్చి రెండు ఒడ్లు నడిచి చూసి రాస్త. తేకుంటే వేరేవాళ్ళను చూసుకోండి. ఏమీ అనుకోను."

ఫీజు రోజుకు ఇంతని చెప్పింది. గ్రాంటు వచ్చినా రాకపోయినా ఇవ్వాలి. నేను లేచి నిలబడ్డాను. సూరయ్య గారు లేవలేదు. తాను గీసిన ఏటిని తుడవడానికి గుడ్డ అడిగారు.

"ఉండనీ అన్నా" అంది పద్మజ.

మళ్ళీ చిలకలగూడ

సుబ్బరాజు గారు నా మాట పూర్తిగా వినలేదు.

"ఆవిడెవరండి మనకి చెప్పడానికి? ఆ ఊరోళ్ళు సంతకం పెడతారా మనకి? ఆ కుర్రోడు గోడ రాస్తానన్నాడు కదా. రేపు సంతకాలు చేసి రైలెక్కండి. గడువు దాటితే ఊళ్ళో ఎవరికి జవాబు చెబుతారు?"

గడువు మాట నిజమే. ఆమె నడిచి, రాసి ఇచ్చేసరికి ఎన్నాళ్ళవుతుందో. తిప్పపాలెం వాళ్ళు గుమ్మం తొక్కనిస్తారో లేదో. ఇటు చూస్తే ఒక్క సంతకంతో పని అయిపోతుంది, ఊళ్ళో అందరూ మెచ్చుకుంటారు.

ఇంట్లో ఉండలేక వీధిలోకి వెళ్ళాను. రైలు పట్టాల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. కూరగాయల బండి దగ్గర అక్కర్లేని దొండకాయలు పావుకిలో కొన్నాను. మా వైపు ఎవరూ పావుకిలో అడగరు, దోసిలితో ఇస్తారు. వాటిని సరోజ చేతిలో పెట్టి మళ్ళీ చెప్పులు వేసుకుంటుంటే ఆమె అడ్డం నిలబడింది.

"అక్కా, పొద్దుమూకకముందే నాలుగుసార్లు చెప్పులేసుకున్నవ్. ఏంది పరేషాన్?"

చెప్పాను. బస్తాల సంగతి, దేవకుమారి సంగతి కూడా చెప్పాను. అవి ఇంతకుముందు నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. సరోజ దొండకాయలు కడుగుతూ వింది.

"వార్డుల డ్యూటీ చేసేటప్పుడు, ఒక మంచానికి ఆక్సిజన్ పెడితే ఇంకో మంచానికి లేకపోయేది. పెట్టిన మంచం నాకు యాదికి లేదక్కా. లేనిదే యాదికున్నది" అంది.

సూరయ్య గారి వైపు చూశాను. "మీరేమంటారు?"

"ఏరన్నాక రెండొడ్లు ఉంటాయి కదండీ" అన్నారు. తరువాత కాసేపటికి, "బస్తాలు ముందు వేసింది నేనేనండి. మీరు లెక్కపెట్టారంతే" అన్నారు.

పద్మజకు ఫోను చేసి సంతకం తెస్తానని చెప్పాను. నిఖిల్‌కు వద్దని చెప్పాను. "పర్లేదు మేడం" అన్నాడు మర్యాదగా. సుబ్బరాజు గారికి మాత్రం వచ్చాక మాట్లాడతానని ఒక మెసేజీ పెట్టి ఫోను ఆపేశాను. కార్యదర్శికి ఆ అధికారం లేదు. తెలుసు.

తిప్పపాలెం

ముందు ఇంటికి వెళితే ఇక తిప్పపాలెం వెళ్ళలేనని, రైలు దిగి బస్సు మారి, సంచులతోనే రేవుకు వెళ్ళాం. పడవ మనిషి అలవాటుగా మా ఒడ్డు వెంట పోనివ్వబోతే సూరయ్య గారు అటు వైపు చెయ్యి చూపించారు.

ఆ ఊరి పెద్ద పోలమ్మ, చేపలు అమ్మే ఆడవాళ్ళ సంఘానికి నాయకురాలు. వల ఎండేసిన చోట నీడలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి జనం చేరారు. వాళ్ళలో దేవకుమారి కూడా ఉంది. నమస్కారం పెట్టి, ఈసారి తప్పుకోవడానికి చోటు లేక అక్కడే నిలబడింది.

జరిగిందంతా చెప్పాను. గ్రాంటు, గోడ, పద్మజ షరతు.

"ఇన్నాళ్ళూ రాలేదు. ఇప్పుడెందుకొచ్చారు, టీచరు గారూ?" అంది పోలమ్మ. "మా సంతకం కావాలనా?"

"అవును" అన్నాను. వేరే మాట చెప్పే మొహం నాకు లేదు.

"అయితే మీటింగు ఇక్కడే పెట్టండి. మీరే ఏరు దాటి రండి" అంది.

తరువాత సంగతులు చెప్పాలి. మా అయిదు ఊళ్ళలో రెండు కమిటీ నుంచి తప్పుకున్నాయి. సుబ్బరాజు గారు అధ్యక్ష పదవి వదిలేశారు, నాతో ఇప్పటికీ మాట్లాడరు. తిప్పపాలెంలో మొదటి మీటింగుకు మా వైపు నుంచి పడవెక్కింది ముగ్గురం. పద్మజ సికింద్రాబాద్ నుంచి వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులు ఉండి రెండు ఒడ్లూ నడిచింది. గోడ పోయింది. దాని బదులు పూడిన మురుగు కాలవ తవ్వడం, ఏటి నీటికి మా వైపున కొన్ని తోటల్లోకి దారి వదలడం, తిప్పపాలెంలో ఎత్తు మీద ఒక ఆశ్రయ భవనం కట్టడం వచ్చాయి. ఆ తోటల్లో ఒకటి మాది. పోలమ్మ సంతకంతో సహా దరఖాస్తు గడువుకు ఒక్క రోజు ముందు వెళ్ళింది. జవాబు ఇంకా రాలేదు.

ఆ మొదటి మీటింగులో పద్మజ ప్రతివాళ్ళనీ ఒకటే అడిగింది, అన్నిటికన్నా ముందు ఏం కావాలని. దీపాలని, పడవలని, రోడ్డని చెబుతూ పోయారు. పోలమ్మ వంతు వచ్చింది.

"మళ్ళీ వరదొస్తే మీరు బస్తాలు వేస్తారు. ఎయ్యక మానరు, పిల్లలున్నోళ్ళు" అంది మా ముగ్గురినీ చూసి. "ఎయ్యండి. ఎయ్యబోయే ముందు మాకో కేక వెయ్యండి. ఇళ్ళు ఖాళీ చేసుకుంటాం."

పద్మజ ఆ మాటను ఉన్నదున్నట్టు మొదటి పేజీలో రాసుకుని, దీనికి గ్రాంటు అక్కర్లేదంది. తరువాత తలెత్తి, ఆ కేక వేసే బాధ్యత ఎవరిదని అడిగింది.

సూరయ్య గారు చెయ్యెత్తారు.